ఫోటోగ్రఫీ పనిని దూరం నుంచి నడపాలంటే ఎంత ఇంటర్నెట్ వేగం కావాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. ముగ్గురు నలుగురితో నడిచే చిన్న ఫోటోగ్రఫీ సంస్థ మీది. పెళ్లిళ్లు, వేడుకలు ఎక్కువగా, వస్తువుల ఫోటోలు అప్పుడప్పుడు తీస్తారు. ఎడిటింగ్ చేసే వ్యక్తి వేరే ఊరికి మారిపోయారు. ఇంతవరకు హార్డ్ డిస్కులు చేతులు మారుతూ పని నడిచింది. ఇప్పుడు వేగవంతమైన కనెక్షన్ తీసుకుంటే ఎవరి చోటి నుంచి వారు పని చేసుకోవచ్చా, అలాగైతే ఎంత వేగం తీసుకోవాలి, ఒక గిగాబిట్ ప్లాన్ అవసరమా, ఆఫీసు కంప్యూటర్‌నే దూరం నుంచి తెరిచి పని చేయవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. తప్పకుండా చేయవచ్చు. మా పని చాలా కాలంగా అలాగే నడుస్తోంది. అయితే మీరు చూడవలసింది డౌన్‌లోడ్ వేగం కాదు, అప్‌లోడ్ వేగం. షూటింగ్ ముగించుకుని కార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించే చోట కనీసం 50 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), వీలైతే 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉండాలి, అది సాయంత్రం రద్దీలో కూడా నిలకడగా అందాలి. ఎడిటర్ దగ్గర అందులో సగం కూడా అక్కర లేదు. దీనితో పాటు, ప్రతి రా ఫైలునూ (కెమెరా నమోదు చేసిన అసలు ఫైలు) ఊరు దాటించే అలవాటును మానుకోవాలి. ఆ అలవాటు మారకపోతే గిగాబిట్ ప్లాన్ తీసుకున్నా ఎడిటర్ ఎదురుచూస్తూనే ఉంటారు. మారితే మాత్రం ఓ మోస్తరు కనెక్షన్‌తోనే పని సాఫీగా సాగుతుంది.

ఈ మాట ఎందుకంటున్నానో లెక్కతో చూపిస్తాను. ఇంటర్నెట్ సంస్థలు వేగాన్ని మెగాబిట్లలో చెబుతాయి, మన ఫైళ్ల బరువు మెగాబైట్లలో ఉంటుంది. ఒక బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు గరిష్ఠంగా 12.5 ఎంబీ మాత్రమే. 24 మెగాపిక్సెల్ కెమెరాలో నాణ్యత తగ్గకుండా కుదించిన రా ఫైలు సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. ఒక పెళ్లికి మూడు వేల ఫోటోలు తీశారనుకుంటే దాదాపు 90 జీబీ. ఈ 90 జీబీ పైకి ఎక్కడానికి 5 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద 40 గంటలు, 20 ఎంబీపీఎస్ మీద 10 గంటలు, 100 ఎంబీపీఎస్ మీద 2 గంటలు పడుతుంది. ఇవి కాగితం మీది లెక్కలు. ఆచరణలో మరో పది పదిహేను శాతం కలుపుకోవాలి. 45 మెగాపిక్సెల్ కెమెరా అయితే ఈ గంటలన్నీ ఇంచుమించు రెట్టింపవుతాయి.

పది గంటలంటే రాత్రి పడుకునే ముందు మొదలుపెడితే మర్నాడు ఉదయానికి పూర్తవుతుంది. నలభై గంటలంటే శనివారం పెళ్లి ఫోటోలు ఇంకా ఎక్కుతుండగానే ఆదివారం పెళ్లి ఫోటోలు వచ్చి వరుసలో నిలబడతాయి. చిన్న సంస్థకు నిజమైన ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఒకసారి వెనకబడిన వరుస ఆ సీజన్ ముగిసేదాకా తేరుకోదు. నా దృష్టిలో మంచి కనెక్షన్‌కు కొలత ఒక్కటే: ఈ రోజు తీసినది తర్వాతి షూటింగ్‌కు బయలుదేరేలోపు పూర్తిగా పైకి ఎక్కాలి. మీ పనిలో ఒక వారాంతపు గరిష్ఠ బరువు ఎంతో చూసుకుని, దానిని మీకు దొరికే ఖాళీ గంటలతో భాగించండి. మీకు కావలసిన అప్‌లోడ్ వేగం అదే. ఆ అంకె నా అంకెకు భిన్నంగా రావచ్చు, అప్పుడు మీ అంకెనే నమ్మండి.

ఇక్కడే ప్లాన్ల విషయంలో జాగ్రత్త అవసరం. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది డౌన్‌లోడ్ వేగం. పాత టెలిఫోన్ తీగల మీద వచ్చే ఏడీఎస్ఎల్‌లో, టీవీ కేబుల్ మీద వచ్చే కనెక్షన్లలో అప్‌లోడ్ చాలా తక్కువ. జనం ఎక్కువగా చూసేవారే గాని పంపేవారు కారన్న లెక్కతో వాటిని రూపొందించారు. ఏడీఎస్ఎల్2ప్లస్ పద్ధతిలో డౌన్‌లోడ్ 24 ఎంబీపీఎస్ దాకా వెళ్లినా, మామూలుగా అప్‌లోడ్ ఒకటి రెండు ఎంబీపీఎస్‌తో ఆగిపోతుంది. మన వృత్తి దీనికి పూర్తిగా తలకిందులు, మనం దించుకునే దానికంటే పంపేది అనేక రెట్లు ఎక్కువ. ఫైబర్‌లో ఈ తేడా చాలావరకు తగ్గుతుంది, చాలా సంస్థలు రెండు వైపులా సమాన వేగం ఇస్తాయి. అయినా ఫైబర్ అనగానే సమానమే అనుకోవద్దు. విస్తృతంగా వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఒక ప్రధాన ఫైబర్‌కు కిందికి సుమారు 2.5 జీబీపీఎస్, పైకి సుమారు 1.25 జీబీపీఎస్ సామర్థ్యం ఉంటుంది, దానిని తరచుగా 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. అందుకే ఒకే ప్లాన్ ఒక వీధిలో బాగుండి, పక్క వీధిలో రాత్రి తొమ్మిదింటికి నీరసించవచ్చు. సంస్థ ప్రతినిధిని "అప్‌లోడ్ ఎంత?" అని విడిగా అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.

ఇప్పుడు పద్ధతి గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ఎడిటర్ సమస్యకు అసలు పరిష్కారం ఇదే.

ఫోటోలు ఎంచి సర్దడానికి లైట్‌రూమ్ క్లాసిక్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నారని అనుకుంటున్నాను. అందులో స్మార్ట్ ప్రివ్యూ అనే ఏర్పాటు 2013లో వచ్చిన లైట్‌రూమ్ 5 నుంచీ ఉంది. ప్రతి రా ఫైలుకూ పొడవైన వైపు 2560 పిక్సెళ్లు ఉండే తేలికపాటి డీఎన్‌జీ (ఒక రకం రా ఫైలు) రూపాన్ని అది తయారుచేస్తుంది. ఇది జేపెగ్ లాంటిది కాదు. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్, హైలైట్లు అన్నీ దీని మీద రా ఫైలు మీద చేసినట్టే సర్దవచ్చు. ఒక్కొక్కటి సుమారు ఒకటి రెండు ఎంబీ ఉంటుంది. అంటే 90 జీబీ పెళ్లి మూడు నుంచి ఆరు జీబీకి దిగివస్తుంది, 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద కూడా అరగంట అటూ ఇటూ సమయంలో ఎడిటర్ చేతికి చేరుతుంది.

మేము చేసే క్రమం ఇలా ఉంటుంది. షూటింగ్ నుంచి వచ్చాక కార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడే స్మార్ట్ ప్రివ్యూలు తయారయ్యేలా గుర్తు పెడతాం. ఆ పెళ్లిని మాత్రమే ఒక విడి క్యాటలాగ్‌గా (ఫోటోల జాబితానూ వాటి సర్దుబాట్లనూ దాచే ఫైలు) ఎగుమతి చేస్తాం, అందులో అసలు ఫైళ్లను చేర్చకుండా స్మార్ట్ ప్రివ్యూలను మాత్రం చేరుస్తాం. దానిని జిప్ చేసి పంపిస్తాం. ఎడిటర్ దానిని తన కంప్యూటర్‌లో సొంత డిస్క్ మీదికి దించుకుని, ఎంపిక చేసి, రంగులు సర్ది, చివరికి క్యాటలాగ్ ఫైలును మాత్రమే తిరిగి పంపుతారు. అందులో బొమ్మలు ఉండవు, సర్దుబాట్ల సూచనలు మాత్రమే ఉంటాయి కాబట్టి అది చాలా తేలిక. ఇక్కడ మేము "మరో క్యాటలాగ్ నుంచి దిగుమతి" అనే మార్గంలో, మెటాడేటా, డెవలప్ సెట్టింగులు మాత్రమే మార్చమని చెప్పి కలుపుకుంటాం. అసలు రా ఫైళ్లు కదలకుండానే వాటి మీద ఎడిటర్ చేసిన పనంతా కనిపిస్తుంది. పూర్తి పరిమాణపు జేపెగ్‌లు అసలు ఫైళ్లు ఉన్న కంప్యూటర్‌లోనే తయారవుతాయి.

దీనికి పరిమితులు ఉన్నాయి. 2560 పిక్సెళ్ల మీద ఫోకస్ కచ్చితంగా కంటిపాప మీదే పడిందా, రెప్పల మీద పడిందా అని నిర్ధారించడం కష్టం. అందువల్ల మొదటి వడపోత, అంటే ఫోకస్ తప్పినవి, కళ్లు మూసుకున్నవి తీసివేయడం, అసలు ఫైళ్లు ఉన్న చోటే మీరు చేయడం మేలు. నాయిజ్ తగ్గించడం, షార్ప్‌నెస్ నిర్ణయించడం కూడా మేము అసలు ఫైళ్ల మీదనే చేస్తాం. ఆల్బమ్ కవర్ కోసం, పెద్ద ప్రింటు కోసం చర్మం రీటచింగ్ అవసరమైన ముప్పై నలభై ఫోటోలకు మాత్రం అసలు రా ఫైళ్లే పంపిస్తాం. నలభై ఫైళ్లంటే ఒక జీబీ పైచిలుకు, అది ఎవరికీ భారం కాదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చేయాలి. తెరిచి ఉన్న క్యాటలాగ్‌ను డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్ లాంటి సింక్ ఫోల్డర్‌లో ఉంచి ఇద్దరూ ఒకేసారి పని చేయకండి. లైట్‌రూమ్ క్యాటలాగ్ ఒక డేటాబేస్. ఒకరు రాస్తుండగా మరొకరి వైపు నుంచి మార్పులు వస్తే రెండు వేర్వేరు ప్రతులు పుడతాయి, లేదా ఫైలే పాడవుతుంది. నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఉంచిన క్యాటలాగ్‌ను లైట్‌రూమ్ క్లాసిక్ తెరవనే తెరవదు. క్యాటలాగ్ ఏ సమయంలో ఎవరి చేతిలో ఉందో స్పష్టంగా ఉండాలి. మేము ఫైలు పేరులోనే తేదీతో పాటు ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో రాస్తాం, ఈ ఒక్క అలవాటుతో గందరగోళం చాలా తగ్గింది.

వీడియో కూడా తీస్తుంటే ఇదే సూత్రం మరింత వర్తిస్తుంది. 100 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో తీసిన 4కే వీడియో గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలతో ఆరేసి గంటలు తీస్తే 500 జీబీ దాటుతుంది, దానిని యథాతథంగా పంపాలంటే 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద కూడా సగం రోజు పడుతుంది. అదే 10 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో 1080 పరిమాణంలో ప్రాక్సీలు, అంటే తేలికపాటి నకళ్లు, తయారు చేసి పంపితే బరువు పదో వంతుకు తగ్గుతుంది. ప్రీమియర్‌లోనూ డావిన్చి రిజాల్వ్‌లోనూ ప్రాక్సీల మీద కూర్పు చేసి, చివర్లో అసలు ఫైళ్లకు కలిపే సదుపాయం ఉంది. ఫైలు పేర్లు, టైమ్‌కోడ్ మారకుండా చూసుకుంటే చాలు.

ఇంత పొదుపుగా పంపగలిగినప్పుడు ఇక వేగవంతమైన ఇంటర్నెట్ దేనికని మీకు అనిపించవచ్చు. నా అనుభవంలో దాని అసలు విలువ మూడు చోట్ల కనిపించింది, అందులో మొదటిది బ్యాకప్. వేడుక ఫోటోలు మళ్లీ తీయలేనివి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అనే 3-2-1 నియమాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫరే. ఆ నియమంలో కష్టమైనది చివరి అంశం. నెమ్మది కనెక్షన్ ఉన్నవారు "వేరే చోట" ప్రతిని వారం తర్వాత, నెల తర్వాత అంటూ వాయిదా వేస్తారు, ఆ మధ్య కాలంలో మొత్తం ఒకే గదిలో ఉంటుంది. అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్ ఉన్నప్పుడు తెల్లారేసరికి ఆ ప్రతి మరో చోట సిద్ధంగా ఉంటుంది. ఎడిటింగ్‌కు స్మార్ట్ ప్రివ్యూలు చాలినా, బ్యాకప్‌కు మాత్రం అసలు ఫైళ్లన్నీ వెళ్లవలసిందే. నేను మీకు 50, 100 అని చెప్పిన అంకెలు దీని కోసమే. పైకి ఎక్కడం పూర్తయి, ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం సరిపోయాయని చూసుకున్నాకే కెమెరా కార్డులను ఫార్మాట్ చేయండి. వీలైతే చెక్‌సమ్ (ఫైలు పాడవలేదని తేల్చే సంఖ్య) సరిచూసే సాఫ్ట్‌వేర్ వాడండి.

రెండోది, ఖాతాదారు కళ్లెదుట పని జరగడం. వస్తువుల ఫోటోలలో ఇది ఎంత తేడా తెస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. గాజు సీసాల వరుస ఒకటి తీస్తున్నాం. ఖాతాదారు వేరే నగరంలో ఉన్నారు. కెమెరాను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి క్యాప్చర్ వన్ అనే సాఫ్ట్‌వేర్‌లో తీస్తూ, దాని లైవ్ సదుపాయం ద్వారా సెషన్‌ను ఆమెతో పంచుకున్నాం. ప్రతి ఫ్రేమూ తీసిన కొద్ది సెకన్లలో ఆమె తెర మీద కనిపించింది. మూడో సీసా మీద లేబుల్ అంచున మెరుపు పడి, అక్షరాలు కొన్ని తెల్లబోయాయని ఆమె ఫోన్లో చెప్పారు. మేము సాఫ్ట్‌బాక్స్‌ను కాస్త వెనక్కి జరిపి, సీసాకు కుడి వైపు నల్లని కార్డు నిలబెట్టి మళ్లీ తీశాం. మర్నాడు మెయిల్లో ఫోటోలు పంపి, ఆ మాట ఆమె అప్పుడు చెప్పి ఉంటే లైట్లన్నీ మళ్లీ అమర్చవలసి వచ్చేది. ఇలాంటి పనికి పెద్ద వేగం అక్కర లేదు, రెండు మూడు ఎంబీల జేపెగ్ 20 ఎంబీపీఎస్ మీద ఒక సెకనులో వెళుతుంది. ఆ వేగం మధ్యలో తెగకుండా ఉండడమే దీనికి ప్రాణం.

మూడోది, అప్పగింత. ఐదు వందల పూర్తి పరిమాణపు జేపెగ్‌లు, ఒక్కొక్కటి 10 ఎంబీ చొప్పున 5 జీబీ. 100 ఎంబీపీఎస్ మీద ఏడెనిమిది నిమిషాల్లో పిక్సీసెట్, స్మగ్‌మగ్ లాంటి ఆన్‌లైన్ గ్యాలరీలోకి ఎక్కుతాయి. ఖాతాదారు ఒక ఫోటోలో మార్పు అడిగితే అదే పూట మార్చి పెట్టవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, తప్పనిసరైతే డాక్యుమెంట్‌గా పంపండి. గూగుల్ ఫోటోస్‌లో స్టోరేజ్ సేవర్ ఎంపిక ఉంటే 16 మెగాపిక్సెళ్లకు మించిన ఫోటోలను తగ్గిస్తుంది, కాబట్టి దానిని భద్రపరిచే చోటుగా లెక్కపెట్టకండి.

ఇక నిలకడ గురించి. చాలామంది స్పీడ్ టెస్ట్‌లో పెద్ద అంకె చూసి సంతోషిస్తారు, కానీ పని మధ్యలో వీడియో కాల్ ఎందుకు తెగిపోతోందో అర్థం కాక ఇబ్బంది పడతారు. కారణం ఎక్కువసార్లు మన అప్‌లోడే. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లైను మొత్తాన్ని నింపేస్తే, రూటర్‌లో ప్యాకెట్లు (డేటా ముక్కలు) వరుస కట్టి, చిన్న చిన్న కాల్ ప్యాకెట్లు కూడా ఆ వరుస వెనకే నిలబడతాయి. దీనిని బఫర్‌బ్లోట్ అంటారు. సులువైన మందు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో అప్‌లోడ్ పరిమితిని మీ అసలు వేగంలో 80 శాతానికి పెట్టడం. పగలు ఇంకా తగ్గించి, రాత్రికి పూర్తిగా వదిలేయవచ్చు. ఎస్‌క్యూఎం, అంటే ఆ వరుసను తెలివిగా సర్దే సదుపాయం ఉన్న రూటర్ దొరికితే ఇంకా మంచిది. అందులో వాడే ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ అనే పద్ధతులు సరిగ్గా ఈ చిక్కు కోసమే పుట్టాయి. మా దగ్గర ఈ మార్పు చేశాక అప్‌లోడ్ నడుస్తుండగానే ఖాతాదారులతో ఇబ్బంది లేకుండా మాట్లాడగలుగుతున్నాం.

ప్లాన్ పెంచే ముందు ఇంట్లో తీగలను చూడండి. ఫోటోలు ఎక్కించే కంప్యూటర్‌ను వైఫై మీద ఉంచకుండా రూటర్‌కు కేబుల్‌తో కలపండి. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దూరం దాకా ఒక జీబీపీఎస్ మోస్తుంది, అంతకంటే ఖరీదైనది అక్కర లేదు. 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండి కూడా పరీక్షలో ఎప్పుడూ 94 దగ్గరే ఆగిపోతుంటే, లోపం చాలావరకు కేబుల్‌లోనే ఉంటుంది. గిగాబిట్‌కు లోపలి ఎనిమిది తీగలూ పని చేయాలి, ఒక్కటి సరిగా కలవకపోయినా అనుసంధానం 100 ఎంబీపీఎస్‌కు దిగిపోతుంది. మా ఎడిటర్ దగ్గర ఇదే జరిగింది. సంస్థకు ఫిర్యాదు చేయబోయే ముందు కేబుల్ కొసన ఉన్న పిన్నును పట్టుకుని చూస్తే, ఒక తీగ పూర్తిగా లోపలికి వెళ్లలేదు. ఆ కొస కత్తిరించి కొత్త పిన్ను వేయించగానే పూర్తి వేగం వచ్చింది. వైఫై తప్పని చోట కనీసం 5 గిగాహెర్ట్జ్ మీద ఉండేలా చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి ఎక్కువ దూరం వెళుతుంది గాని, చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి.

మీరు అడిగిన మరో విషయం, ఆఫీసు కంప్యూటర్‌నే దూరం నుంచి తెరిచి పని చేయడం. దీనికి వేగం కంటే ఆలస్యం, అంటే లేటెన్సీ, కీలకం. మౌస్ కదిలించిన తర్వాత తెర మీద మార్పు కనిపించడానికి పట్టే సమయం 40 మిల్లీసెకన్ల లోపు ఉంటే హాయిగా ఉంటుంది. 100 దాటితే రీటచింగ్ బ్రష్ చేతి వెనక ఈడ్చుకుంటూ వచ్చినట్టు ఉంటుంది. భూస్థిర ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి కాబట్టి, వాటి ద్వారా ప్రశ్న వెళ్లి జవాబు రావడానికే దాదాపు అర సెకను పడుతుంది, ఎంత వేగం ఇచ్చినా ఈ ఆలస్యం పోదు. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలతో ఈ చిక్కు లేదు. ఎంపిక, పేర్లు పెట్టడం, ఎగుమతి మొదలుపెట్టడం లాంటి పనులకు ఈ మార్గం చాలా బాగుంటుంది. రంగుల పనికి మాత్రం నేను సిఫారసు చేయను. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు తెరను వీడియోగా కుదించి పంపుతాయి, ఆ కుదింపులో రంగుల సమాచారమే ముందుగా తగ్గుతుంది. చర్మపు ఛాయ మీద తుది నిర్ణయం ఆ బొమ్మను చూసి తీసుకోకూడదు.

రంగుల మాట వచ్చింది కాబట్టి, ఇద్దరు వేర్వేరు చోట్ల పని చేసేటప్పుడు ఇద్దరి మానిటర్లనూ ఒకే లక్ష్యానికి క్యాలిబ్రేట్ చేయాలి, అంటే రంగులూ వెలుగూ ఒకే ప్రమాణానికి సరిచేయాలి. మేము 6500 కెల్విన్, గామా 2.2, 100 నుంచి 120 క్యాండెలాల వెలుగు పెట్టుకున్నాం. ఒకే క్యాలిబ్రేషన్ పరికరాన్ని ఇద్దరూ వంతులవారీగా వాడితే ఇంకా మంచిది. ఇది లేకుండా ఎంత వేగంగా ఫైళ్లు పంపుకున్నా, ఎడిటర్ తెర మీద గోధుమరంగు ముఖం మీ తెర మీద ఎర్రబడుతుంది, అదే ఫోటో రెండు మూడు సార్లు అటూ ఇటూ తిరుగుతుంది.

మీరు నాస్ (నెట్‌వర్క్‌కు కలిపి ఫైళ్లు దాచే పెట్టె) పెట్టుకోవాలనుకుంటే అది అసలు ఫైళ్లకు మంచి స్థానం. కానీ బయటి నుంచి తెరవడానికి రూటర్‌లో పోర్టు తెరిచి నేరుగా ఇంటర్నెట్‌కు వదలకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ అలా బయటికి తెరిచి ఉన్న క్యూనాప్ నాస్‌లలోని ఫైళ్లను లాక్ చేసింది. వైర్‌గార్డ్, టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (గుప్తీకరించిన సురక్షిత దారి) ద్వారా మాత్రమే లోపలికి వచ్చేలా ఏర్పాటు చేసుకోండి. చాలా కనెక్షన్లలో ఒకే ఐపీ చిరునామాను అనేక ఇళ్లకు పంచే సీజీనాట్ ఉండడం వల్ల పోర్టు తెరిచినా పని చేయదు, టెయిల్‌స్కేల్ అలాంటి చోట కూడా దారి చూసుకుంటుంది. ఖాతాదారుల కుటుంబ ఫోటోలు మన దగ్గర ఉన్నాయన్న స్పృహతో ప్రతి ఖాతాకూ రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. ఎడిటర్ పని మానుకున్న రోజునే వారి ప్రవేశాన్ని తొలగించండి.

ప్లాన్ తీసుకునే ముందు మరో మూడు విషయాలు కనుక్కోండి. నెలకు డేటా పరిమితి ఉందా, ఉంటే అందులో అప్‌లోడ్ కూడా లెక్కకు వస్తుందా అనేది మొదటిది. "అపరిమితం" అని రాసి ఉన్నా, ఒక హద్దు దాటాక వేగం తగ్గించే నిబంధన చాలా ప్లాన్లలో ఉంటుంది. నాలుగు పెళ్లిళ్లు, రెండు వీడియోలు పైకి ఎక్కిస్తే ఒక టెరాబైట్ దాటడం మనకు పెద్ద విషయం కాదు. లైను తెగితే ఎంతసేపట్లో బాగుచేస్తారనేది రెండోది. వ్యాపార ప్లాన్లకు ఎక్కువ తీసుకోవడంలో అర్థం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. మూడోది, కరెంటు పోయినప్పుడు మీ వైపు ఏమవుతుందన్నది. రూటర్‌కూ ఫైబర్ పెట్టెకూ కలిపి పట్టేది కొద్ది వాట్లే కాబట్టి ఒక చిన్న యూపీఎస్ గంటల తరబడి వాటిని నడుపుతుంది. లైను పూర్తిగా పోయిన రోజుకు 4జీ లేదా 5జీ ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి, స్మార్ట్ ప్రివ్యూల పద్ధతిలో ఉన్నవారికి ఆ రోజు కూడా పని ఆగదు. అప్‌లోడ్ మధ్యలో తెగినా ఆగిన చోటి నుంచి కొనసాగించే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరే వాడండి. బ్రౌజర్ ట్యాబ్‌లో పెద్ద జిప్ ఎక్కిస్తూ కూర్చుంటే 95 శాతం దగ్గర తెగి మళ్లీ మొదటికి రావచ్చు. రాత్రంతా నడవాల్సిన కంప్యూటర్ నిద్రలోకి జారుకోకుండా సెట్టింగ్ మార్చడం మరవకండి.

గిగాబిట్ అవసరమా అన్న మీ ప్రశ్నకు, మీరు చెప్పిన పనికి అవసరం లేదంటాను. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ దాటాక వేగం మీద పెట్టే ప్రతి రూపాయీ ఇచ్చే ఫలితం తగ్గుతుంది, ఎందుకంటే అక్కడి నుంచి ఆలస్యం లైనులో ఉండదు. కార్డు రీడర్‌లో, హార్డ్ డిస్క్‌లో, ఫోటోలు ఎంచుకునే మనిషిలో ఉంటుంది. వీడియో ప్రధానంగా చేసేవారికి, లేదా ఒకే చోటి నుంచి ముగ్గురు నలుగురు ఒకేసారి పెద్ద ఫైళ్లు పంపేవారికి మాత్రం అది న్యాయమే. ఆఫీసు గదిని వెంటనే ఖాళీ చేయకండి. ప్రింట్ల పరిశీలన, ఆల్బమ్ నమూనాలు చూపించడం, అసలు ఫైళ్లుండే డిస్కులు, వస్తువుల షూటింగ్‌కు లైట్లు అమర్చడం, వీటికి ఏదో ఒక స్థిరమైన చోటు కావాలి, అది చిన్నదైనా ఫరవాలేదు.

ఇప్పటికే అప్పగించేసిన పాత పెళ్లి ఒకదానితో ఈ పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా నడిపి చూడండి: స్మార్ట్ ప్రివ్యూలతో క్యాటలాగ్ పంపడం, ఎడిటర్ సర్ది తిరిగి పంపడం, ఇక్కడ కలపడం, ఎగుమతి, గ్యాలరీలో పెట్టడం. ఏ దశలో ఎంత సమయం పట్టిందో రాసుకోండి. సాయంత్రం ఎనిమిది నుంచి పది మధ్య, కేబుల్‌తో కలిపి తీసిన అప్‌లోడ్ అంకె, మీ కెమెరా ఫైలు పరిమాణం, వారాంతానికి సగటున తీసే ఫోటోల సంఖ్య ఇక్కడ రాస్తే, మీకు ఏ ప్లాన్ సరిపోతుందో ఇంకా కచ్చితంగా చెప్పగలను.